సున్నా కన్నం

ఆ పొద్దున ఆకాశం తెల్లవారాలా వద్దా అని మీనమేషాలు లెక్కపెడుతోంది. మబ్బు కురవదు, విడవదు. విరిగిన పాలలా అక్కడక్కడా తెలుపు, మిగతాదంతా పొయ్యి మీది కుండ అడుగు. ఆకు కదలడం లేదు. సైకిలు తొక్కే మనిషికి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

కోల్డ్ స్టోరేజి గేటు ఇంకా వంద గజాలు ఉండగానే సర్వరాయుడికి వాసన తగిలింది. కుళ్ళిన దుంప వాసన ఒకసారి తెలిసినవాడికి రెండోసారి ఎవరూ చెప్పక్కర్లేదు.

సర్వరాయుడు అతని పేరు కాదు. ఎనిమిది చలిగదుల వేడిమిని కనిపెట్టుకుని ఉండే కంప్యూటరును అక్కడ అందరూ సర్వరు అంటారు. దాని ఆలనా పాలనా చూసేవాడు గనక హమాలీలు అతన్ని అలా పిలవడం మొదలుపెట్టారు. మొదట్లో అది ఎగతాళి. పదేళ్ళు తిరిగేసరికి అదే పేరైంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పుస్తకంలో పడుకుంది.

అయిదో గది తలుపు బార్లా తీసి ఉంది. హమాలీలు ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకుని విత్తనపు దుంపల బస్తాలు బయటకు లాగుతున్నారు. గోనె అడుగున నల్లటి తడి. బాగున్నాయనుకున్న బస్తాల్లోనూ దుంపలు మొలకలెత్తి కళ్ళు విప్పేశాయి. పక్కన ఆరో గది ముందు ద్రాక్ష పెట్టెలు దొంతరగా పేర్చారు. అవి కుళ్ళలేదు. గడ్డకట్టి పగిలాయి. కరుగుతూ సిమెంటు నేల మీద తీయటి మడుగు కట్టాయి, దాని చుట్టూ చీమలు అప్పుడే దారి కనుక్కున్నాయి.

రెండు గదుల మధ్య గోడకు వీపు ఆనించి చలక్క నిలబడి ఉంది. చలిగదుల్లో తిరిగేది, చల్లదనం వదిలే కవాటాలు తిప్పేది ఆమె. పదహారేళ్ళుగా ఆ పనే. ఎండాకాలం కూడా దళసరి కోటు వేసుకునే మనిషి కాబట్టి ఆ పేరు. ఆమె ఎదురుగా మేనేజరు.

"గదులు కడిగేటప్పుడు అయిదు, ఆరు గదుల చూరుకు వేలాడే వేడి సెన్సార్లు దింపావు. మళ్ళీ తగిలించేటప్పుడు దీనిది దానికి, దానిది దీనికి తగిలించావు. ఒప్పుకో, గొడవ వదిలిపోతుంది."

"నేను వాటి జోలికే పోలేదు సార్."

"కడగలేదా?"

"కడిగాను. నేల కడిగాను. చూరు కడగలేదు."

బస్తా మోస్తున్న హమాలీ ఒకడు కిసుక్కుమన్నాడు. మేనేజరు వాడివైపు చూసేసరికి దగ్గు తెచ్చుకున్నాడు.

"శుక్రవారం మీకు ఫోను చేశాను," అంది చలక్క. గొంతు పెంచలేదు. "అయిదో గది తలుపుకు చెమట పడుతోంది సార్, లోపల ఫ్యాను మోత వినపడటం లేదు, తలుపుకు వేసిన సీలు తీసి చూడమంటారా అని అడిగాను. శనివారం మళ్ళీ అడిగాను."

"కంప్యూటరు తెర ఏమంది?"

"ఆరు వేడెక్కుతోంది అంది."

"నేనేమన్నాను?"

"తెర ఏం చెబితే అది చెయ్యి, తలుపులు తడమడం మానెయ్యి అన్నారు. ఆరుకు కవాటం నిండా తిప్పాను."

"చూశావా? తెర అబద్ధమాడదు. దానికి నీలాగా నాలాగా పొట్ట లేదు అబద్ధమాడటానికి. సెన్సారు ఎక్కడ ఉంటే అక్కడి సంగతి చెబుతుంది. అయిదులో ఉండాల్సింది ఆరు పేరుతో ఉందంటే ఎవరో మార్చినట్టే." మేనేజరు తల తిప్పాడు. "ఏమయ్యా సర్వరాయుడూ, నీ మిషన్ అబద్ధమాడుతుందా?"

అప్పుడే సైకిలుకు స్టాండు వేస్తున్నాడు అతను.

"ఆడదు సార్," అన్నాడు.

ఆ మాట ఎందుకన్నాడో ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించుకున్నాడు. పిలిస్తే పలకడం అలవాటు. అంతకుమించి అందులో ఏమీ లేదు.

చలక్క కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పింది. చలికి వేళ్ళ కణుపుల దగ్గర చర్మం బీటలు వారి, ఆ బీటల్లో నల్లటి గీతలు పడిపోయాయి ఆమెకు. గుండీలు పట్టు చిక్కక ఆలస్యమైంది. కోటు మడిచి, చేతులు లోపలికి మడిచి, స్టూలు మీద పెట్టింది.

"ఎల్లుండి పెద్దాఫీసు నుంచి మనిషి వస్తాడు. అప్పుడు రా. అప్పటిదాకా ఇటు రావద్దు," అన్నాడు మేనేజరు.

ఆమె ద్రాక్షనీళ్ళు తొక్కకుండా పక్కనుంచి నడిచి గేటు దాటింది. కోటు లేకుండా ఆమె ఇంత చిన్న మనిషా అనిపించింది సర్వరాయుడికి.

సర్వరు గది మెట్ల కింద ఉంటుంది. నిటారుగా నిలబడితే తల తగిలే చోట సర్వరు, కూర్చునే చోట అతను. నాలుగు రోజుల లెక్కలు కాగితం మీద తీసి పెద్దాఫీసు మనిషికి సిద్ధంగా ఉంచమని చెప్పి మేనేజరు వెళ్ళిపోయాడు. ప్రింటరు కీచుమంటూ ఎనిమిది గదులకు ఎనిమిది నిలువు వరుసలు అచ్చు వేసింది. అతను కాగితం చించి, మోకాళ్ళ మీద పరిచి, పెన్సిలు మొనతో కిందికి దిగుతూ వచ్చాడు.

అయిదో వరుస చెక్కుచెదరలేదు. నాలుగు రోజులూ మూడు డిగ్రీలే. ఆరో వరుస శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఎక్కడం మొదలుపెట్టింది. ఆరు, తొమ్మిది, పద్నాలుగు. కవాటం నిండా తెరిచాక కూడా ఎక్కుతూనే ఉంది. మేనేజరు చెప్పినట్టే ఉంది అంతా. అయిదు సెన్సారు ఆరు పేరుతో మాట్లాడుతోంది.

పెన్సిలు ఊరికే పక్క వరుస మీదకు జరిగింది. ఏడో గది ఖాళీ గది. కొత్త సరుకు కోసం చల్లగా ఉంచుతారు, దాని వంక ఎవరూ చూడరు. ఏడో వరుసలో అంకెలు దిగుతున్నాయి. రెండు, సున్నా, మైనస్ మూడు, మైనస్ ఏడు.

అతను పెన్సిలు కింద పెట్టాడు.

చలక్క ఆ రెండూ మార్చి ఉంటే ఆరో గది గడ్డకట్టిన సంగతి అయిదో వరుసలో కనపడాలి. ఏడులో ఎందుకు కనపడుతోంది? అయిదు ఆరులో కనపడుతోంది, ఆరు ఏడులో కనపడుతోంది. అంటే ఏడు ఎనిమిదిలో ఉందా? ఎనిమిది ఎక్కడికి పోయింది?

గదుల వెనక సందులో, గోడకు బిగించిన ఎనిమిది కన్నాల పెట్టె ఉంటుంది. సెన్సార్ల తీగలన్నీ దాంట్లోకి వస్తాయి. దాన్నుంచి ఒక్కటే లావు కేబులు సర్వరులోని కార్డుకు వెళుతుంది. పాత కార్డు, పెట్టె పిడుగుకు పోతే పదిహేను రోజుల కింద కొత్తవి వేశారు. అతను టార్చిలైటు నోట్లో కరుచుకుని పెట్టె మూత మరలు విప్పాడు.

లోపల పని ముత్యాల్లా ఉంది. తీగలన్నీ ఒకే పొడవుకు కోసి, ఒకే వంపు తిప్పి, దారంతో కట్టి ఉన్నాయి. ప్రతి తీగ మెడకు తెల్లటి టేపు, దాని మీద గుండ్రటి అక్షరాలతో గది నంబరు. ఒకటో గది తీగ, ఒకటి అని అచ్చువేసిన కన్నంలో. రెండోది రెండులో. మూడోది మూడులో. ఎవరు చూసినా వంక పెట్టలేని పని. ఏడు ఏడులో ఉంది. ఎనిమిది మాత్రం అన్నిటికంటే మొదట ఉన్న కన్నంలో ఉంది. ఆ కన్నం కింద అచ్చువేసి ఉన్నది సున్నా.

టార్చిలైటు తీసి చేతిలో పట్టుకున్నాడు. దవడ నొప్పి పెట్టింది.

సర్వరుకు తీగలు కనపడవు. దానికి కనపడేది తీగకొకటిగా పేరున్న ఫైలు. ఏ ఫైలు ఏ కన్నానిదో మనిషి చెప్పాలి. ఒక్కో ఫైలుకు ఒక్కో వరుస టైపు చేయాలి: పేరు, ఇది సమాచారం ఒక్కో అక్షరంగా వచ్చే తీగ అని తెలిపే గుర్తు, పెద్ద అంకె, చిన్న అంకె. పెద్ద అంకె ఏ కార్డో చెబుతుంది, చిన్న అంకె అందులో ఎన్నో కన్నమో చెబుతుంది. యంత్రం లెక్క సున్నాతో మొదలు. ఒకటో గదికి చిన్న అంకె సున్నా, రెండో గదికి ఒకటి, అలా ఎనిమిదో గదికి ఏడు. పదిహేను రోజుల కింద ఆ ఎనిమిది వరుసలూ అతనే టైపు చేశాడు. వాటిలోనూ తప్పు లేదు. కానీ ఒకటి అన్న కన్నంలోంచి వచ్చేదాన్ని సర్వరు రెండో గది మాట అనుకుంటుంది.

ఆవేళ పెట్టె దగ్గర తీగలు పెట్టింది మామయ్య. భార్య తండ్రి. నలభై ఏళ్ళు తీగల పని చేసి, కంటికి శుక్లాలు వచ్చి మానేసిన మనిషి. మేనేజరు తొందర పెడుతుంటే, ఇంకెవరూ దొరక్క, ఆయన్నే రమ్మన్నాడు. "మొదటి గదిది మొదటి దాంట్లో మామయ్యా, అలా వరసగా," అని ఫోనులో చెప్పి తను మెట్ల కింద కూర్చున్నాడు. అవతల నుంచి ఆయన కొలత కొలిచేవాడిలా లెక్కపెట్టుకుంటూ వచ్చాడు: "లాభం... రెండు... మూడు..." ఒకటి అనకుండా లాభం అనడం ఆయన చిన్నప్పటి అలవాటు. "ఎనిమిది తీగలు, ఎనిమిది కన్నాలు. సరిపోయాయి అల్లుడూ," అన్నాడు చివర్న. తెర మీద ఎనిమిది గదులూ మూడు డిగ్రీలు చూపించాయి. తీగ పెట్టాక ఒక్కో గదిలోకి వెళ్ళి, సెన్సారును పిడికిట్లో పట్టుకుని, తెర మీద ఆ గదే వేడెక్కుతోందో లేదో చూసుకోవాలి. అది పద్ధతి. ఎనిమిది గదులు తిరగడానికి గంట పడుతుంది. అన్నీ మూడు చూపిస్తున్నాయి కదా అని అతను వెళ్ళలేదు.

మూత బిగించి వచ్చి సర్వరు ముందు కూర్చున్నాడు. పాత పేర్లు తుడిచేసి, చిన్న అంకెలు మార్చి, మళ్ళీ ఎనిమిది వరుసలు టైపు చేస్తే చాలు. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. తెర నిజం చెప్పడం మొదలుపెడుతుంది. పెద్దాఫీసు మనిషి వచ్చి చూస్తే అంతా సవ్యంగా ఉంటుంది. అంతా సవ్యంగా ఉంటే, తప్పు చలక్కదే అవుతుంది.

మొదటి వరుస టైపు చేశాడు. దాని చివర తెల్లటి చుక్క ఆరుతూ వెలుగుతూ ఉంది. ఎంటరు కొట్టలేదు. ఒక్కో అక్షరమే వెనక్కి చెరిపాడు.

మార్చకపోతే మార్చకపోయాడు, గదుల్ని గాలికి వదిలేయలేడు కదా. బీరువాలోంచి పాదరసం థర్మామీటరు తీసి జేబులో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి, రెండు గంటలకొకసారి, ఎనిమిది గదులూ తిరిగి చేత్తో చూశాడు. లోపలికి వెళితే ఎముకలు కొరికే చలి, బయటకు వస్తే ఆ జిడ్డు గాలి. సాయంత్రానికి కాళ్ళు కాళ్ళలా లేవు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య కుట్టు మిషను మూత వేస్తోంది. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడింది.

"చలక్కను తీసేశారట కదా. నీళ్ళ దగ్గర అందరూ అదే మాట. అయిదో గదిదేదో ఆరులో కనపడిందట."

"ఇంకా తీసేయలేదు."

"పదహారేళ్ళు చేసిన మనిషి అలా ఎలా మారుస్తుంది?"

మూల మంచం మీద మామయ్య ఒక పాత ఇస్త్రీపెట్టె విప్పుకుని కూర్చున్నాడు. మరలు పోకుండా చెప్పులో వేసుకున్నాడు. చెయ్యి ఊరుకోదు ఆయనకు. శుక్లాల ఆపరేషను అయ్యాక ఆయన చేసిన మొదటి పెద్ద పని ఆ పెట్టెదే. ఆ రాత్రి ఇంటికొచ్చి, "నా చెయ్యి ఇంకా చచ్చిపోలేదురోయ్," అని గోడకు చెప్పుకున్నట్టు చెప్పుకున్నాడు.

అది తలచుకుని సర్వరాయుడు చొక్కా విప్పి వంకెకు తగిలించి, బావి గిలక దగ్గర చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాడు. ఎలా చెబుతాడు? మామయ్య తీగలు తప్పు పెట్టాడని మేనేజరుతో అంటే రేపు ఊరంతా అంటుంది. తన తప్పని అంటే ఉద్యోగం ఊడుతుంది. కుట్టు మిషను ఒక్కటే ముగ్గురిని మొయ్యలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో చలక్క నిలబడి ఉంది.

మర్నాడు కూడా మబ్బు అలాగే ఉంది. పదకొండు గంటల వేళ అతను నాలుగో గదిలోంచి బయటకొచ్చి, కళ్ళజోడుకు పట్టిన ఆవిరి తుడుచుకుంటుంటే వెనక కంచె దగ్గర ఎవరో పిలిచారు.

"తమ్ముడూ."

చలక్క. లోపలికి రావద్దన్నారని కంచె అవతలే నిలబడింది. చేతిలో ఖాళీ సంచి ఉంది, బజారుకు వెళుతున్నట్టు.

"నువ్వు గదులు తిరుగుతున్నావేంటి?"

"నీ బదులు వేసిన కొత్తవాడికి తెలియదు కదా అక్కా. నేను చూస్తున్నాను."

"ఎనిమిదో గది తలుపు కింది మూల లాగి వెయ్యాలి. మామూలుగా వేస్తే వేసినట్టే ఉంటుంది, పడదు. వాడికి చెప్పు." కంచె తీగ పట్టుకుంది. "నిన్నొకటి అడుగుదామని వచ్చాను. ఆ సెన్సార్లను ఎవరైనా తాకితే, దింపితే, నీ మిషన్‌లో ఏమైనా రాసి ఉంటుందా? ఎప్పుడు, ఏ గంటకు అని?"

"అలా... అన్నీ రాయదక్కా."

"కొన్నైనా రాస్తుంది కదా. నువ్వు ఒకసారి చూడు. నువ్వు చూశావంటే ఏదో ఒకటి దొరుకుతుంది. నాకు చదువు లేదు, లేకపోతే నేనే చూసుకుందును." నవ్వబోయింది. "నిజం చెప్పనా, నాకు కోపం నా మీదే. తలుపు మీద చెయ్యి పెడితే అయిదు అని చెయ్యి చెప్పింది. పదహారేళ్ళు చెయ్యి చెప్పిందే విన్నాను. ఆ వేళే తెర మాట విన్నాను. కట్టుకున్నవాణ్ణి కాదని దారినపోయేవాణ్ణి నమ్మినట్టయింది నా పని."

"చూస్తాను అక్కా," అన్నాడు.

"చూడు నాయనా. రేపు కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెడితే బయట యార్డులో ఊడ్చే పని ఇస్తారట. పెట్టకపోతే అదీ లేదట."

ఆమె సంచి చంకన పెట్టుకుని వెళ్ళింది. అతను అయిదో గదిలోకి వెళ్ళాడు. గది కడిగేసి, ఆగిపోయిన ఫ్యానుకు కొత్త మోటారు వేశారు. ఖాళీ గదిలో దాని మోత తిరగలి తిప్పినట్టు ఉంది. జేబులోంచి థర్మామీటరు తీసి పట్టుకున్నాడు గాని, అంకె చూడటం మరిచిపోయాడు. మళ్ళీ చూడాల్సి వచ్చింది.

మూడో రోజు పెద్దాఫీసు మనిషి వచ్చాడు. తెల్లవారుజాము బండిలో ప్రయాణం చేసి వచ్చాడేమో, కూర్చున్నచోటే కళ్ళు మూతలు పడుతున్నాయి. కాళ్ళు బూట్లలోంచి సగం బయటకు తీసుకుని కూర్చున్నాడు. మేనేజరు కాగితాలన్నీ వరసగా ముందు పెట్టాడు. సర్వరాయుడు గుమ్మం పక్కన, చలక్క బల్ల ముందు నిలబడ్డారు.

"చదివి వినిపించారా ఈమెకు?"

"వినిపించాం సార్. సెన్సార్లు పొరపాటున మార్చి తగిలించానని. ఒప్పుకుంది."

"ఒప్పుకోలేదు," అంది చలక్క. "పెడతానన్నాను, అంతే."

పెద్దాఫీసు మనిషి కళ్ళు నలుపుకుని ఆమె వంక మొదటిసారి చూశాడు. మేనేజరు పెన్ను మూత తీసి ఆమె చేతికిచ్చాడు. ఆ వేళ్ళకు పెన్ను కూడా గుండీ లాగే పట్టు దొరకలేదు. రెండోసారి సర్దుకుని పట్టుకుంది. సంతకం ఎక్కడ పెట్టాలో మేనేజరు వేలితో చూపించాడు.

"ఆగు అక్కా," అన్నాడు సర్వరాయుడు.

మేనేజరు తల తిప్పాడు.

"సార్, ఆమెను అయిదో గదిలోకి పంపించండి. సెన్సారు పిడికిట్లో పట్టుకోమనండి. మీరు నాతో వచ్చి తెర చూడండి."

"ఇప్పుడవన్నీ ఎందుకయ్యా? సెన్సార్లు మారాయని మనకు తెలుసుగా," అన్నాడు మేనేజరు.

"అయిదు ఒక్కటే కాదు సార్. అన్నీ చూడండి. గంట పని."

పెద్దాఫీసు మనిషి బూట్లలోకి కాళ్ళు దూర్చుకున్నాడు. ఒళ్ళు బద్ధకంగా ఉన్నా లేచాడు. మెట్ల కింద ముగ్గురూ పట్టరు. మేనేజరు మెడ వంచి గుమ్మంలోంచి చూశాడు. స్టూలు మీది కోటు తొడుక్కుని చలక్క అయిదో గదిలోకి వెళ్ళింది. హమాలీ ఒకడు గది ముందు నిలబడి కేక వేశాడు: "పట్టుకుంది!"

తెర మీద అయిదు కదల్లేదు. ఆరో గది అంకె మూడు నుంచి నాలుగైంది. అయిదైంది. తొమ్మిది దాకా పోయింది.

"అదేగా నేను చెప్పింది," అన్నాడు మేనేజరు.

"ఆరో గదికి వెళ్ళమనండి," అన్నాడు సర్వరాయుడు.

"పట్టుకుంది!"

మేనేజరు అయిదు అంకె మీద కళ్ళు పెట్టుకుని ఉన్నాడు. అది చలించలేదు. ఏడు ఎక్కింది. చలక్క ఏడో గదికి వెళితే ఎనిమిది ఎక్కింది. ఎనిమిదికి వెళితే ఒకటి ఎక్కింది. ఒకటికి వెళితే రెండు. హమాలీ కేక గదికొకసారి వినపడుతోంది, ఆ కేకలో వాడికి అర్థం కాని సరదా ఒకటి వచ్చి చేరింది. నాలుగో గది అయ్యాక పెద్దాఫీసు మనిషి చాలని చెయ్యి ఊపాడు.

"ఎనిమిది గదుల సెన్సార్లూ ఈమె ఒక్కతే వరసగా జరిపిందంటావా?" అని మేనేజరును అడిగాడు.

మేనేజరు మెడ రుద్దుకున్నాడు.

"ఎవరూ జరపలేదు సార్," అన్నాడు సర్వరాయుడు. "పేర్లు నేను తప్పు రాశాను. ఒక్కో పేరుకు ఒక కన్నం చెప్పాలి. ఒకటి తేడాతో చెప్పాను. కార్డు మార్చిన రోజు ఇలా పట్టుకుని సరిచూడాలి. చూడలేదు."

"తీగలు పెట్టింది ఎవరు?"

"నేను చెప్పినట్టే పెట్టారు. తీగలు సరిగానే ఉన్నాయి. పెట్టె విప్పి చూడండి, ఒకటి ఒకటిలోనే ఉంది."

అది నిజమే. ఆ మాట చెప్పడానికి అతను తడుముకోవాల్సిన పని పడలేదు.

"ఇది ఎప్పుడు తెలిసింది నీకు?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఇప్పుడే అంటే సరిపోతుంది. గుమ్మం అవతల చలక్క వచ్చి నిలబడింది, చేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చబరుచుకుంటూ.

"మొన్న మధ్యాహ్నం," అన్నాడు.

పెద్దాఫీసు మనిషి మేనేజరు వైపు చెయ్యి చాచాడు. తర్వాత సంతకం లేని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఆమె పనిలోకి వెళ్ళొచ్చు. నువ్వు ఇది సరిచేసి, తాళాలు, పాస్‌వర్డులు రాసిచ్చి ఇంటికి వెళ్ళు. నీ సంగతి మేం కాగితం పంపిస్తాం."

"ఎన్నాళ్ళకు సార్?"

"పంపిస్తాం."

వాళ్ళు వెళ్ళాక అతను కూర్చుని ఎనిమిది పాత పేర్లు తుడిచాడు. ఎనిమిది కొత్త వరుసలు, ఒక్కోటి రెండుసార్లు చదువుకుని, టైపు చేశాడు. ఒకటో గదికి ఒకటి, రెండుకు రెండు, ఏడుకు ఏడు. ఎనిమిదికి సున్నా. ఎవరు చదవొచ్చో, ఎవరు చదవకూడదో ఒక్కో ఫైలుకు చెప్పాడు. తీగలో సమాచారం వచ్చే వేగం తొమ్మిదివేల ఆరువందలని మళ్ళీ చూసుకున్నాడు. తర్వాత తనే ఎనిమిది గదులూ తిరిగి, ఒక్కో సెన్సారు పట్టుకుని, హమాలీని తెర ముందు కూర్చోబెట్టి కేక వేయించుకున్నాడు. గంట పట్టింది.

ఎనిమిదో గది నుంచి వస్తుంటే చలక్క కవాటం దగ్గర ఎదురైంది.

"మొన్న మధ్యాహ్నమే తెలిసిందా?"

"తెలిసిందక్కా."

"నిన్న కంచె దగ్గర నేను అడిగినప్పుడు తెలుసన్నమాట."

అతను తల వంచాడు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండును. కవాటం చక్రాన్ని పావు వంతు తిప్పి, గొట్టం మీద అరచెయ్యి ఆనించి, లోపల చలి పారే చప్పుడు విన్నట్టు తల పక్కకు వాల్చింది.

"తలుపు కింది మూల లాగావా?" అంది.

"లాగాను."

ఆమె ఏడో గదిలోకి వెళ్ళిపోయింది.

అతను ఇల్లు చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. ఆ వేళకు ఇంటికి రావడం అలవాటు లేదు గనక భార్య కుట్టు ఆపి లేచింది. మామయ్య మంచం మీద నుంచి కాళ్ళు కిందికి దించాడు.

"పని పోయింది," అన్నాడు. "పోలేదు, కాగితం పంపుతారట. పోయినట్టే."

"చలక్క?" అంది భార్య.

"పనిలోకి వెళ్ళింది. పేర్లు నేనే తప్పు రాశాను. అదే చెప్పాను."

ఆమె మిషను మీద గుడ్డను అలాగే వదిలేసి లోపలికి వెళ్ళింది. గిన్నె పొయ్యి మీద పెట్టిన చప్పుడైంది. అతను గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. కొంతసేపటికి మామయ్య వచ్చి పక్కన, కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"నువ్వు తప్పు రాయలేదు," అన్నాడు ముసలాయన.

"రాశాను మామయ్యా."

"నాతో కూడానా? అయిదు ఆరులో కనపడుతోందట అని అమ్మాయి చెప్పిన పూటే నాకు తెలిసింది. మొదటి కన్నం కింద సున్నా అని ఉంది. సున్నా అంటే లేదని కదా. ఉన్న గది తీగను లేనిదాంట్లో ఎలా పెడతాను? ఒకటి అని రాసినదాంట్లో పెట్టాను. చివరికి ఒక తీగ మిగిలింది, ఒక కన్నం మిగిలింది. అప్పుడే నిన్ను అడగాల్సింది. అడిగితే ముసలాడికి చూపు ఆనలేదంటావని అడగలేదు."

సర్వరాయుడు ఆయన వంక చూశాడు.

"మొన్నటి నుంచి తెలుసా మీకు?"

"వచ్చి చెబుదామని చెప్పులు వేసుకున్నాను కూడా. మామను పెట్టి పని చేయించినందుకు ముందు నీ ఉద్యోగం పీకుతారని మళ్ళీ విప్పేశాను." ఆయన అరచేతులు రెండూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని వాటిలోకి చూసుకున్నాడు. "నువ్వు ఎందుకు ఊరుకున్నావు రెండు రోజులు?"

అతను చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయన మొహం చూస్తే అర్థమైపోయినట్టే ఉంది.

"ఇద్దరం ఇద్దరమే," అన్నాడు మామయ్య. "ఒకరికొకరు అడ్డం నిలబడ్డాం. ఆ పిల్ల సంగతి ఇద్దరికీ పట్టలేదు."

ఆయన చలక్కను ఎప్పుడూ చూడలేదు. ఆమెకు నలభై దాటాయని ఆయనకు తెలియదు.

లోపల నుంచి పిలుపు రాలేదు. భార్య మూడు పళ్ళేలు నేల మీద పెట్టి, మంచినీళ్ళ చెంబు మధ్యలో పెట్టి, గుమ్మం దాకా వచ్చి నిలబడింది. వాళ్ళ మాటలన్నీ విన్నదని ఆమె నిలబడిన తీరే చెప్పింది. ఇద్దరూ లేచి చేతులు కడుక్కుని వచ్చారు. రోజూ వాళ్ళకు వడ్డించాక తినే మనిషి, ఆ పూట తనూ కూర్చుంది. అన్నం వేడిగా ఉంది. ముగ్గురూ కలుపుకున్నారు. మామయ్య మొదటి ముద్ద చేతిలో పట్టుకుని కొంచెంసేపు ఉండి, నోట్లో పెట్టుకున్నాడు. అల్లుడు చెంబు ఆయన వైపు జరిపాడు. ఆయన తాగి కూతురి వైపు జరిపాడు. పళ్ళేలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.